పాత సింథసైజర్లు, టేపులు దాచి ఏం లాభం?

"కంప్యూటర్లో అన్ని శబ్దాలూ దొరుకుతుంటే పాత సింథసైజర్లు, టేపులు దాచడం ఎందుకు?" అని అడిగారు. అన్నీ దొరకవండి. మా బాబాయి చేసిన నాదస్వరం దొరకదు.

బాబాయి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ప్రోగ్రాం ఉంటే వైర్లు మోసే పని నాది. ఆయనది యమహా డీఎక్స్7 అనే సింథసైజర్, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డు, 1983లో వచ్చిన మోడల్. కంపెనీ ఇచ్చిన శబ్దాలు ఆయనకు ఆనలేదు. రాత్రిళ్లు కూర్చుని, అందులో శబ్దాన్ని పుట్టించే ఆరు భాగాల (ఆపరేటర్లంటారు) అంకెలు ఒక్కొక్కటీ మార్చుకుంటూ నాదస్వరం తయారుచేశాడు. ఊదగానే స్వరం కాస్త తడబడి ఆ తర్వాత నిలబడుతుందే, అది కూడా పట్టాడు.

ఆయన పోయాక రెండు కీలు పలకడం లేదని కోఠీలో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాను. "బ్యాటరీ పాతదైందన్నా, అది కూడా మార్చేశా" అన్నాడు కుర్రాడు. సంతోషంగా డబ్బులిచ్చి వచ్చాను. లోపల దాచుకున్న 32 శబ్దాలనూ పట్టి ఉంచేది ఆ బ్యాటరీయేనని అప్పుడు నాకు తెలియదు. ఇంటికొచ్చి ఆన్ చేస్తే పేర్లు ఉండాల్సిన చోట పిచ్చి అక్షరాలు. వంటింట్లోంచి పిన్ని "ఆ నాదస్వరం ఒకసారి పెట్టరా" అంది. ఏం చెప్పాలో తోచలేదు.

అందుకే చెబుతున్నాను, వాయిద్యం ఒక్కటే దాస్తే సగం చరిత్ర కూడా దాచినట్టు కాదు. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ అనే సింథసైజర్‌తో స్టూడియో పెట్టాడు. ఆ మూగ్‌కి మెమరీయే లేదు, శబ్దాన్ని కూర్చే వైర్లు పీకితే ఆ శబ్దం పోయినట్టే. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ లాంటివాళ్లు అక్కడ చేసిన సంగీతం ఇప్పుడు వినగలుగుతున్నామంటే, ఆ సంస్థ ఆర్కైవ్‌లో టేపులు మిగిలాయి కాబట్టి, బ్రిటిష్ కళాకారుడు పాల్ పుర్గస్ వాటిని వెతికి పట్టుకున్నాడు కాబట్టి.

మన ఇళ్లల్లో మాత్రం కచేరీ క్యాసెట్ మీదే పెళ్లి రికార్డు చేసేస్తాం. పైన "ప్రోగ్రాం-2" అని రాస్తాం. ఏ ఏడాదిదో ఉండదు, ఎవరు వాయించారో ఉండదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మీ ఇంట్లో ఇలాంటి కీబోర్డు ఉంటే, రిపేరుకు మూత తీసేముందు, కీబోర్డును కంప్యూటర్‌కి కలిపే మిడి కేబుల్‌తో శబ్దాలన్నీ కంప్యూటర్లోకి దించుకోండి. పట్టుమని పది నిమిషాల పని.

నా దగ్గర మిగిలింది ఒక్క గానసభ క్యాసెట్. అది వింటూ ఆదివారాలు అంకెలు మారుస్తున్నాను, ప్రతి మార్పూ నోట్‌బుక్కులో రాస్తున్నాను. నాదం దగ్గరికొచ్చింది, ఆ తడబాటే కుదరట్లేదు. బాబాయి ఆ నాదస్వరాన్ని కార్ట్రిడ్జ్‌లో, అంటే కీబోర్డుకు తగిలించే చిన్న మెమరీ డబ్బాలో ఎక్కించి ఇద్దరు ముగ్గురు కీబోర్డు వాళ్లకు ఇచ్చాడని పిన్ని అంటోంది. ఆ రోజుల్లో హైదరాబాద్ ఆర్కెస్ట్రాల్లో వాయించినవాళ్లు మీ ఇంట్లో ఉంటే, దయచేసి ఒకసారి అడిగి చూడండి.