తక్కువ టికెట్ ఎక్కడ: మధురపూడిలోనా, గన్నవరంలోనా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మాఘ మాసంలో బెంగళూరులో మా మరిది గృహప్రవేశం. నేను, మావారు, 67 ఏళ్ల అత్తగారు, ఎనిమిదేళ్ల బాబు, రెండేళ్లు నిండబోతున్న పాప వెళ్లాలి. పాప పుట్టినరోజు కూడా అక్కడే జరిపి తిరిగి వస్తాం. మా ఊరి విమానాశ్రయం మధురపూడి నుంచి ఇండిగో నేరు విమానానికి ఒకవైపు మనిషికి 5,200 రూపాయలు చూపిస్తోంది. విజయవాడ విమానాశ్రయం గన్నవరం నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ లైట్ టికెట్ 3,950కే వస్తోంది, బ్యాగు కావాలంటే 15 కిలోలకు మరో 1,000 కట్టాలట. ఎనిమిది టికెట్ల మీద 10,000 మిగులుతాయని మావారు గన్నవరమే మేలంటున్నారు. మీరేమంటారు? టికెట్ల డబ్బు ఈఎంఐలో కట్టవచ్చా?

సమాధానం: మీ కుటుంబానికి మధురపూడి నుంచి వెళ్లడమే చౌక. టికెట్ ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ మాట నమ్మబుద్ధి కాదు. మీ గుమ్మంలో బయలుదేరి మరిదిగారి గుమ్మం చేరేదాకా అయిదుగురికీ అయ్యే ఖర్చు వేసి చూస్తే అర్థమవుతుంది.

ముందుగా టికెట్ల సంఖ్యను సరిచేసుకోవాలి. రెండేళ్లు నిండని పిల్లలకు విమానంలో విడిగా సీటు ఉండదు, పెద్దల ఒడిలో కూర్చోబెట్టుకుని ఒక నిర్ణీత రుసుము కడితే సరిపోతుంది. అయితే చూసేది ప్రయాణం చేసే రోజున ఉన్న వయసునే గానీ టికెట్ కొన్న రోజున ఉన్న వయసును కాదు. మీ పాపకు బెంగళూరులో రెండేళ్లు నిండుతాయి కాబట్టి వచ్చేటప్పుడు ఆమెకు పూర్తి ధరతో సీటు కొనాలి. అంటే వెళ్లేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు అయిదు, మొత్తం తొమ్మిది టికెట్లు. అందుకని రానూపోనూ టికెట్లను ఒకే బుకింగులో తీసుకోవద్దు. వెళ్లే టికెట్‌లో పాపను 'ఇన్‌ఫెంట్'గా, వచ్చే టికెట్‌లో 'చైల్డ్'గా నమోదు చేస్తూ రెండు వేర్వేరు బుకింగులు చేయండి. మన దేశీయ చౌక విమాన సంస్థలు ఏ వైపు ధర ఆ వైపుకే వేస్తాయి గనుక విడదీసినందువల్ల నష్టమేమీ ఉండదు. జనన ధ్రువపత్రం వెంట తీసుకెళ్లడం మరవకండి.

ఇప్పుడు మీవారి లెక్కకు వద్దాం. టికెట్‌కు 1,250 తేడా చొప్పున తొమ్మిదింటి మీద 11,250 రూపాయలు మిగులుతున్నట్టు కనిపిస్తుంది. కానీ రాజమహేంద్రవరం నుంచి గన్నవరం విమానాశ్రయం సుమారు 140 కిలోమీటర్లు. అయిదుగురు, వారి సామాను పట్టాలంటే ఇన్నోవా వంటి పెద్ద బండే కావాలి. ఒకవైపు దింపి రావడానికి కూడా టాక్సీవారు అప్ అండ్ డౌన్ కిలోమీటర్లు లెక్క కడతారు. కిలోమీటరుకు 18 రూపాయలు వేసుకున్నా 280 కిలోమీటర్లకు 5,040 అవుతుంది. టోల్, డ్రైవరు బత్తా కలిపితే 5,700 దాకా వెళ్తుంది. తిరిగి వచ్చే రోజున మళ్లీ అంతే కాబట్టి మొత్తం 11,400. మధురపూడికైతే ఊళ్లోంచి బండికి 800 చొప్పున రెండుసార్లకు 1,600 చాలు. ఈ ఒక్క పద్దులోనే గన్నవరం మీకు 9,800 రూపాయలు అదనం.

రెండో పద్దు సామాను. లైట్ టికెట్‌లో చెక్-ఇన్ బ్యాగు ఉండదు, చేతి సంచి మాత్రమే. ఆఫీసు పని మీద ఒక్క రోజుకు వెళ్లి వచ్చేవారికి అది చక్కని టికెట్టే. గృహప్రవేశానికి వెళ్లే కుటుంబానికి అది నప్పదు. మీరు పెట్టే బట్టలు, పూతరేకులు, అత్తగారు చిన్నకొడుకు కోసం పట్టుకెళ్లే ఊరగాయ జాడీ గుర్తు చేసుకోండి. నూనె తేలే పచ్చడిని చేతి సంచిలో భద్రతా సిబ్బంది వెళ్లనివ్వరు, అది చెక్-ఇన్ బ్యాగులోనే సాగాలి. (కోనసీమ కురిడీ కొబ్బరికాయలు మాత్రం చెక్-ఇన్‌లో పెట్టకండి. ఎండు కొబ్బరికి త్వరగా నిప్పంటుకుంటుందని వాటిని అనుమతించరు.) మీకు కనీసం మూడు బ్యాగులు తప్పవనుకుంటే బ్యాగుకు 1,000 చొప్పున రానూపోనూ 6,000. ఇండిగో మామూలు టికెట్‌లో మనిషికి 15 కిలోలు ధరలోనే కలిసి ఉన్నాయి.

ఈ రెండు పద్దులూ కలిపితే 15,800. టికెట్ల మీద మిగిలేది 11,250. అంటే గన్నవరం దారిలో మీరు 4,550 రూపాయలు ఎక్కువ పెట్టి, పైగా చంటిపిల్లతో రెండుసార్లు జాతీయ రహదారి మీద ప్రయాణం చేస్తారు. ఇదే ఊరి నుంచి ఒక్కరే, చేతి సంచితో, విజయవాడ దాకా రైల్లో వెళ్లి విమానం ఎక్కేవారు అడిగి ఉంటే నా జవాబు గన్నవరమే అయ్యేది.

మధురపూడి టికెట్లను ఇంకొంచెం చౌకగా కొనే వీలు కూడా ఉంది. విమానంలో సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు, కొన్ని ఒక ధరకు, మరికొన్ని అంతకంటే ఎక్కువ ధరకు అంచెలంచెలుగా పెడతారు. మన చిన్న విమానాశ్రయాల నుంచి ఇండిగో తిప్పే ఏటీఆర్ అనే చిన్న విమానంలో ఉండేవి 78 సీట్లే కాబట్టి చౌక అంచె త్వరగా అయిపోతుంది. 4,600 అంచెలో మూడు సీట్లే మిగిలి ఉన్నాయనుకోండి. మీరు ఒకేసారి నాలుగు అడిగితే కంప్యూటరు నాలుగింటికీ పై అంచె ధర 5,200 వేస్తుంది. అందుకే ముందు ఒక్కరికి వెతికి, తర్వాత మొత్తం మందికి వెతికి చూడండి. ధర మారితే మూడు, ఒకటిగా విడదీసి కొనండి, పై ఉదాహరణలో 1,800 ఆదా అవుతుంది. విడదీసేటప్పుడు మీరు, అత్తగారు, పిల్లలిద్దరూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి, మీవారు ఒక్కరే రెండో దాంట్లో ఉండాలి. విమానం రద్దయి మరో దాంట్లోకి మార్చవలసి వస్తే పెద్దావిడ ఒంటరిగా చిక్కుకోకూడదు.

పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోవడం కోసం సీట్లు కొనవలసిన పని లేదు. 12 ఏళ్ల లోపు పిల్లలకు అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న తల్లి, తండ్రి లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో విమాన సంస్థలను ఆదేశించింది. బుకింగ్ చివర కనిపించే బీమా, ముందుగా ఎక్కే సౌకర్యం వంటివాటికి టిక్కు పెట్టి ఉంటే తీసివేయండి. కుటుంబానికి ఆరోగ్య బీమా ఉన్నవారికి గంటన్నర, రెండు గంటల దేశీయ ప్రయాణానికి మరో పాలసీ అవసరమని నేను అనుకోను.

ధర కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నది వేరే ఉంది. చిన్న విమానాశ్రయంలో ఒక విమానం ఆగిపోతే గంటలో ఇంకొకటి దొరకదు. ట్రూజెట్ విమాన సంస్థ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయి ముందే టికెట్లు కొన్నవారి డబ్బు ఇరుక్కుంది. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో వేల విమానాలను రద్దు చేసినప్పుడు చివరి నిమిషపు ధరలు ఎంతగా పెరిగాయంటే, 500 నుంచి 1,000 కిలోమీటర్ల దూరానికి పన్నులు, రుసుములు కాక 12,000 మించకూడదని కేంద్రం తాత్కాలికంగా గరిష్ఠ పరిమితి విధించవలసి వచ్చింది. రాజమహేంద్రవరం నుంచి బెంగళూరు ఆ దూరంలోకే వస్తుంది. కాబట్టి ముహూర్తానికి కనీసం ఒక రోజు ముందు చేరేలా టికెట్ తీసుకోండి. మాఘంలో గోదావరి ప్రాంతంలో ఉదయం పూట మంచు కమ్ముతుంది గనుక, వీలుంటే మధ్యాహ్నపు విమానం ఎంచుకోండి.

టికెట్లు ఏజెంటు దగ్గర కొన్నా ఫోను నంబరు మాత్రం మీదే ఇవ్వండి. ఈ చిన్న విషయం దగ్గర చాలా కుటుంబాలు నష్టపోతున్నాయి. సమాచారం ఏజెంటు ఫోనుకు వెళ్తుంది, మీరు విమానాశ్రయానికి వెళ్లాక రద్దయిన సంగతి తెలుస్తుంది. ప్రయాణికుడి ఫోను వివరాలు సరిగా లేకపోతే పరిహారం ఇవ్వనవసరం లేదని నిబంధనల్లోనే ఉంది. వివరాలు సరిగా ఉండి, విమాన సంస్థ తన కారణాలతో చివరి 24 గంటల్లో రద్దు చేసి తగిన ప్రత్యామ్నాయం చూపకపోతే, ప్రయాణ సమయాన్ని బట్టి 5,000, 7,500 లేదా 10,000 రూపాయలు గానీ, ఒకవైపు మూల ధర, ఇంధన రుసుము కలిపిన మొత్తం గానీ, ఏది తక్కువైతే అది పరిహారంగా రావాలి. వాతావరణం వల్ల రద్దయితే పరిహారం ఉండదు, టికెట్ డబ్బు గానీ మరో విమానం గానీ ఇవ్వాలి. మీరే రద్దు చేసుకున్నా, టికెట్ మీద 'నాన్ రిఫండబుల్' అని ఉన్నా, పన్నులు, విమానాశ్రయ రుసుములు మీకు తిరిగి రావలసిందే. అడిగి తీసుకోండి.

ఇక ఈఎంఐ సంగతి. తొమ్మిది టికెట్లకు 46,800, బండికి 1,600, పాప రుసుము, వెబ్‌సైట్ కన్వీనియన్స్ ఫీజు కలిపి మీ ఖర్చు 50,000 దాటవచ్చు. వారం రోజుల ప్రయాణానికి నెలల తరబడి వడ్డీ కట్టడం నాకు సమ్మతం కాదు. క్రెడిట్ కార్డుతో చెల్లించండి, ఎందుకంటే సంస్థ సేవ అందించకపోతే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి కోరే అవకాశం కార్డుతో ఉంటుంది. కానీ ఆ బిల్లును గడువు తేదీలోపు పూర్తిగా కట్టేయండి. అంత డబ్బు ఇప్పుడు చేతిలో లేకపోతే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. విమానానికే వెళ్తే మరో 15,000 రూపాయలు సేవింగ్స్ ఖాతాలో విడిగా ఉంచి, అందరూ తిరిగి ఇల్లు చేరేదాకా దాన్ని ముట్టుకోకండి. బెంగళూరులో తిరుగు విమానం రద్దయితే ఆ రాత్రి బసకు, మర్నాటి రైలుకు పనికొచ్చేది ఆ డబ్బే.