పెద్దవాళ్లతో ఒక్క రోజులో ఫోర్ట్ వర్త్

శనివారం ఒక్కరోజే ఉంది, పద్నాలుగు మందిమి, అమ్మానాన్నలు ఎక్కువ నడవలేరు, పిల్లలకేమో కౌబాయ్‌లు కావాలి అన్నారు కదండీ. డాలస్ జోలికి పోకుండా టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్ (పాత పశువుల సంత ఉన్న పేట) ఒక్కటే పెట్టుకోండి.

రోజూ ఉదయం 11:30కి, సాయంత్రం 4కి లాంగ్‌హార్న్ (పొడుగు కొమ్ముల పశువుల) మందను ఎక్స్ఛేంజ్ అవెన్యూ మీదుగా తోలుకెళ్తారు. టికెట్ లేదు. ఎండ దంచేస్తుంది కాబట్టి పెద్దవాళ్లతో అయితే ఉదయానిదే మేలు. లైవ్‌స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం ముందు పచ్చికలో అరగంట ముందే చోటు పట్టుకోండి. ఒంగోలు గిత్తలతో పెరిగిన మా మావయ్యే ఆ బారెడు కొమ్ములు చూసి నోరెళ్లబెట్టాడు! మంద నింపాదిగా నడుస్తుంది, ఫొటోలకు టెన్షన్ అక్కర్లేదు.

మధ్యాహ్నం హోటల్‌కెళ్లి ఓ కునుకు తీయించండి. రాత్రి 1908లో కట్టిన కౌటౌన్ కొలీజియంలో రోడియో (కౌబాయ్‌ల గుర్రపు స్వారీ, ఎద్దు స్వారీ పోటీలు) చూడొచ్చు, టికెట్లు ముందే కొనండి. శాకాహారులుంటే పులిహోర కట్టుకెళ్లండి, అక్కడంతా స్టేకుల (కాల్చిన గొడ్డుమాంసం) రాజ్యం.