సోడా బ్రెడ్ లోపల ముద్దగా ఉండిపోతే?

ప్రశ్న: డబ్లిన్‌లో ఉన్న మా అమ్మాయి చెప్పిన కొలతలతో ఐరిష్ సోడా బ్రెడ్ చేశాను. పైన చక్కగా కాలింది గానీ లోపల ముద్దగా ఉండిపోయింది. ఈస్ట్ వేయనందువల్లనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదండీ. ఈ రొట్టెకు ఈస్ట్ అక్కరలేదు. ఐర్లండ్‌లో పండే మెత్తరకం గోధుమలో జిగురు తక్కువ కావడం వల్ల, 19వ శతాబ్దంలో వంటసోడా అందుబాటులోకి వచ్చాక అక్కడి పల్లెవాసులు దాన్ని పుల్లమజ్జిగతో కలిపి, నిప్పుల మీద ఇనుప పాత్రలో ఈ రొట్టె కాల్చుకునేవారు. బహుశా మీరు చపాతీపిండిలా మర్దించి, కాసేపు నాననిచ్చి ఉంటారు. మన చేతికి అది అలవాటే గానీ, ఇక్కడ అదే చేటు. పులుపు తగిలిన క్షణం నుంచే సోడా బుడగలు కడుతుంది కనుక ఆలస్యం చేస్తే ఆ పొంగు చల్లారిపోతుంది.

450 గ్రాముల మైదాలో ఒక్కో టీస్పూను సోడా, ఉప్పు జల్లించి, సుమారు 350 మిల్లీలీటర్ల చిక్కటి పుల్లమజ్జిగ ఒక్కసారే పోసి, వేళ్లు విడదీసి గుండ్రంగా తిప్పుతూ, పిండి ఇంకా గరుకుగా, చేతికి అంటుకుంటూ ఉండగానే ఆపేయండి. మన పలుచని మజ్జిగ చాలదు. పులిసిన పెరుగును కొద్ది నీళ్లతో చిలకండి. ముద్దపై లోతుగా శిలువ ఆకారంలో గాటు పెడితే వేడి నడిమధ్యకు చేరుతుంది. ఓవెన్‌లో 220 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, 200కు తగ్గించి మరో 25–30 నిమిషాలు కాల్చి, తిరగేసి అడుగున వేలితో తట్టండి. డొల్లగా మోగితే లోపలా కాలినట్టే.