నేపాల్ కొండ ఊళ్లలో నర్సింగ్ విద్యార్థికి ఏ పని ఇస్తారు?

నర్సింగ్ మూడో ఏడాదిలో ఉన్నారు, సెలవుల్లో నేపాల్ ఊరి క్లినిక్‌లో సేవ చేయాలనుకుంటున్నారు, అక్కడ ఏమి చేయనిస్తారని అడిగారు. సూది పట్టే పని మాత్రం ఆశించకండి. మీ కళాశాలలో పక్కన ఎవరూ లేకుండా చేయనివ్వని పనిని అక్కడ చేయిస్తామనే సంస్థకు డబ్బు కట్టకండి.

ఊరి హెల్త్ పోస్టులో చాలాచోట్ల డాక్టర్ ఉండరు. హెల్త్ అసిస్టెంట్లు, ఏఎన్‌ఎంలే నడిపిస్తారు. బరువు, బీపీ చూడడం, రిజిస్టరు రాయడం, వారి వెంట ఇళ్లకు నడవడం మీ వంతు. నా దృష్టిలో ఆ నడకే అసలు చదువు. అక్కడి మహిళా ఆరోగ్య స్వచ్ఛంద సేవికల వ్యవస్థ 1988లోనే మొదలైంది, మన ఆశా కార్యకర్తల కంటే చాలా ముందు. బిడ్డ బొడ్డుకు నూనె, పసుపు రాసే అలవాటున్న ఇంట్లో, ముసలమ్మను నొప్పించకుండా, బొడ్డుకు ఇన్ఫెక్షన్ రాకుండా రాసే క్లోర్‌హెక్సిడిన్ మలాము గురించి సేవిక ఎలా చెబుతుందో పక్కన కూర్చుని చూడండి.

భారతీయులకు వీసా అక్కర్లేదు, విమానంలో వెళ్లినా పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు చాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం వద్దు. కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి.