లోపలికి గుంజుకున్న ష్రౌడ్లు, ఒరిగిన స్తంభం

నమస్కారం. 1:64 కొలతలో మీరు కడుతున్న తెరచాప ఓడ నమూనాలో నిచ్చెన మెట్ల తాళ్లు, అంటే రాట్‌లైన్లు, కట్టేసరికి అంచు ష్రౌడ్లు (తెరచాప స్తంభాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే తాళ్లు) లోపలికి గుంజుకొని నడుము సన్నబడినట్లు కనిపిస్తున్నాయనీ, స్తంభం ఎడమకు ఒరిగిందనీ రాశారు. రెండు పొరపాట్లనూ సరిచేయవచ్చు గానీ, కట్టిన రాట్‌లైన్లను తీసేయక తప్పదు. ముడులకు ఫెవికాల్ పెట్టి ఉంటే కుంచెతో నీళ్లద్దితే అది మెత్తబడుతుంది. ఫెవిక్విక్ పెట్టి ఉంటే ఓపికగా కత్తిరించుకోవలసిందే.

ఒక పక్క ష్రౌడ్లన్నీ బిగించాక రెండో పక్కకు వెళ్లినందువల్లనే స్తంభం ఒరిగి ఉంటుంది. కుడికొక జత, ఎడమకొక జత చొప్పున మార్చి మార్చి కట్టాలి. ఇప్పుడు డెడ్‌ఐల (ష్రౌడ్ల అడుగున ఉండే చిల్లుల దిమ్మల) మధ్యనున్న సన్నతాళ్లను ఎడమవైపు కొంచెం వదులు చేసి, కుడివైపు అంతే బిగిస్తూ, ఓడ ముక్కువైపు నుంచి చూసి స్తంభాన్ని నిలబెట్టండి.

తిరిగి కట్టేముందు 6 మిల్లీమీటర్ల దూరంతో గీతలు గీసిన కాగితాన్ని ష్రౌడ్ల వెనుక పెట్టి, అగరుబత్తి పుల్లలను అడ్డంగా కట్టి ఉంచితే (ఈ పుల్లలే నా పరువు కాపాడాయి) అంచులు కదలవు. మధ్య ష్రౌడ్లకు క్లోవ్ హిచ్ ముడి (రెండు చుట్లతో బిగిసే ముడి) వేస్తూ, తాడును లాగకుండా కొద్దిగా వేలాడనివ్వండి.

వరంగల్ కొత్తవాడలో తివాచీల నూలు సులువుగా దొరుకుతుందని దాన్ని మాత్రం వాడకండి. ఈ కొలతకు అది లావు, పైగా నూగు లేస్తుంది. మైనం రాసిన సన్నని పాలిస్టర్ దారం ముసురుకు కూడా బిగువు మార్చుకోదు.