గచ్చు కింద రేడాన్ గొట్టం ఇప్పుడే వేయించాలా?

ప్రశ్న: హైదరాబాద్ నల్లగండ్లలో 200 గజాల స్థలంలో ఇల్లు కడుతున్నాం. పునాదులు లేచాయి, ప్లింత్ బీములు (పునాదిపై గోడల కింద వచ్చే కాంక్రీటు దూలాలు) పోయబోతున్నారు. రేడాన్ వాయువు బయటికి పోయేలా నేల గచ్చు కింద గొట్టం వేయించమని అమెరికాలో ఉన్న మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. మన వైపు ఎవరూ వేయించరని మేస్త్రీ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అబ్బాయి మాట వినండమ్మా, అదీ బీములు పోయకముందే. హైదరాబాద్ గ్రానైట్ రాతి మీద ఉన్న ఊరు. ఆ రాతిలో కొద్దిపాటిగా ఉండే యురేనియం క్రమంగా క్షీణించగా పుట్టే రేడాన్, రంగూ వాసనా లేకుండా గచ్చు పగుళ్ల గుండా, డ్రైనేజీ పైపుల చుట్టూ ఉండే సందుల గుండా ఇంట్లోకి చేరుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ కారణాల్లో పొగతాగడం తర్వాత ముఖ్యంగా చెప్పుకునేది ఇదే. కిటికీలు తెరిచి ఉంచే ఇంట్లో అది అంతగా పోగుపడదు కానీ, ఏసీ కోసం తలుపులు బిగించే కింది గదుల సంగతి వేరు.

గొట్టం ఒక్కటే వేస్తే సరిపోదు. మొరం నింపి దిమ్మిస ఆడించాక, దాని మీద దుమ్ము లేని 20 ఎంఎం కంకర నాలుగంగుళాల మందాన పరిచి, ఆ కంకరలో రంధ్రాలున్న నాలుగంగుళాల పీవీసీ గొట్టం ఉంచి, పైన దళసరి ప్లాస్టిక్ షీటును అతుకుల దగ్గర అడుగు మేర ఒకదానిపై ఒకటి వచ్చేలా కప్పిన తర్వాతే కాంక్రీటు పోయాలి. మన ఇళ్లలో అసలు చిక్కు ప్లింత్ బీములతోనే వస్తుంది, ఎందుకంటే అవి ప్రతి గది కింది కంకరనూ విడివిడి అరలుగా చేసేస్తాయి. ఒక అరలోని వాయువు పక్క అరలోకి పోవాలంటే బీము పోసేటప్పుడే అందులో పైపు ముక్క అమర్చాలి. అది ఎక్కడ ఉండాలో మీ స్ట్రక్చరల్ ఇంజనీరే గుర్తు పెట్టాలి తప్ప, తర్వాత బీమును తొలవనివ్వకండి.

కంకరలోని గొట్టానికి కలిపిన నిలువు గొట్టాన్ని, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టంతో కలపకుండా, విడిగా డాబా పైకి తీసుకెళ్లండి. డాబా మీద బట్టలు ఆరేసుకుంటాం, వేసవిలో పడుకుంటాం కాబట్టి దాని మూతి మనిషి ఎత్తు దాటి, కిటికీలకు కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. పని పూర్తయ్యేదాకా సిమెంటు పడకుండా పై మూతిని బిగించి ఉంచండి.

గృహప్రవేశం తర్వాత తలుపులు మూసి కింది గదుల్లో రేడాన్ కొలిపించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించిన స్థాయి ఘనమీటరు గాలికి 100 బెక్వెరెళ్లు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం). అంతకు మించితే డాబా మీద ఆ గొట్టానికే ఫ్యాను బిగించవచ్చు. దానికి కావలసిన కరెంటు పాయింటును వైరింగ్ సమయంలోనే పెట్టించండి.