పాప్‌స్మియర్‌లో తేడా అన్నారు.. ఏడాది దాకా ఈ టెన్షన్ ఎలా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. మూడు నెలల కిందట పాప్‌స్మియర్‌లో (గర్భసంచి ముఖద్వారం కణాల పరీక్ష) తేడా ఉందన్నారు. హెచ్‌పీవీ పాజిటివ్. కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరీక్ష) చేసి, చిన్న ముక్క తీసి పంపితే సీఐఎన్‌-1 అని వచ్చింది. మందులు అక్కర్లేదు, ఏడాదికి రమ్మన్నారు. అప్పట్నుంచి నిద్ర లేదు. ఇది భర్త వల్ల వస్తుందని చదివాక ఆయన్ని దగ్గరికి రానివ్వలేకపోతున్నా. ఎందుకో చెప్పలేకపోతున్నా.
- ఒక సోదరి, కరీంనగర్

జవాబు: సీఐఎన్‌-1 క్యాన్సర్ కాదు. గర్భసంచి ముఖద్వారం పైపొరలో కొన్ని కణాలు హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల కాస్త మారాయని అర్థం. చాలామందిలో ఒకటి రెండేళ్లలో ఒళ్లే దాన్ని సరిచేసుకుంటుంది. హెచ్‌పీవీని చంపే మాత్రలేవీ లేవు, అందుకే మందు రాయలేదు. ఒకవేళ తగ్గకుండా ముదిరినా, క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పది పదిహేనేళ్లు పడుతుంది. ఏడాది గడువు ఇచ్చింది ఆ లెక్క చూసుకునే.

నిజానికి ఇదంతా ఆ రోజే మిమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాల్సింది. ఓపీ రద్దీలో మేం ‘ఏం కాదు, ఏడాదికి రండి’ అని పంపేస్తాం. ఏం కాకపోతే మళ్లీ ఎందుకు రమ్మన్నారన్న గుబులు ఇంటికెళ్లాక మొదలవుతుంది. ఆ తప్పు మా డాక్టర్లది.

ఇక మీవారి సంగతి. హెచ్‌పీవీ కలయిక ద్వారా సోకే మాట నిజమే. కానీ ఎప్పుడు సోకింది, ఎవరి నుంచి అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండి ఇప్పుడు బయటపడొచ్చు. పెళ్లయిన వాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చిపోయేదే ఇది. ఈ రిపోర్టు పట్టుకుని ఆయన్ని అనుమానించడానికి లేదు, రేపు ఎవరైనా మిమ్మల్ని వేలెత్తి చూపడానికీ లేదు. ముక్క తీసిన చోట పుండు ఈపాటికి మానిపోయి ఉంటుంది కాబట్టి దూరంగా ఉండాల్సిన పనీ లేదు. మీ నోటితో చెప్పడం కష్టమైతే, ఒకసారి ఆయన్ని మీ గైనకాలజిస్ట్ దగ్గరికి వెంటబెట్టుకెళ్లండి. డాక్టరే చెబితే సగం గొడవ అక్కడే పోతుంది.

మూడు నెలలుగా నిద్ర లేదంటున్నారు. నాకు రిపోర్టు కన్నా ఇదే ఎక్కువ ఆందోళనగా ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. అవసరమైతే సైకియాట్రిస్ట్‌ను కలవండి.

భయంతో నెలకో ల్యాబ్‌లో పాప్‌స్మియర్ చేయించుకోకండి. తొందరపడి చేయిస్తే రిపోర్టులు ఇంకా గందరగోళపెడతాయి. కలయిక తర్వాత రక్తం కనబడినా, నెలసరి మధ్యలో రక్తస్రావమైనా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా మాత్రం ఏడాది ఆగకుండా వెంటనే వెళ్లండి. పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి.